అలీ క్రేను, సలీం చెయ్యి

బరువులెత్తించే ఇంజనీరుగా నా ఉద్యోగమంతా సౌదీలో, అందులో ఎక్కువ భాగం యాన్బులో గడిచింది. ఇప్పుడు కాకినాడలో ఖాళీగా ఉన్నానని తెలిసి, గల్ఫ్ వెళ్లబోయే ఇంజనీర్లు వచ్చి సలహాలు అడుగుతుంటారు. ఏ సర్టిఫికెట్ చేస్తే మంచిది, ఏ కంపెనీ నమ్మదగినది, ఏ క్రేను ఎంత ఎత్తుతుంది అని. క్రేను ఎంత ఎత్తుతుందో దాని క్యాబిన్‌లోనే పట్టిక అతికించి ఉంటుంది, వెళ్లి చదువుకోండి. ఆ పట్టికలో మనుషుల సంగతి ఉండదు. నేను రాస్తున్నది దాని గురించి.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. నా ప్రమోషన్లూ, నాకిచ్చిన జ్ఞాపికలూ ఇందులో ఉండవు. నేను పని నేర్చుకున్నది ఇద్దరు యెమెన్ మనుషుల దగ్గర, వాళ్ల దేశం ఒక్కటై మళ్లీ చీలికలు పడుతున్న రోజుల్లో. దేశాల సంగతి క్రేను మనిషికెందుకని నవ్వేవాళ్లుంటారు. నవ్వుకోండి. ఒక దేశం ఒక్కటయ్యాక ఏమవుతుందో నేను పేపర్లో చదివి తెలుసుకోలేదు, గాల్లో వేలాడుతున్న బరువు కింద నిలబడి తెలుసుకున్నాను.

ఒక చెయ్యి

పని తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. క్రేను నడిపేవాడు పైన క్యాబిన్‌లో ఉంటాడు. బరువు కింద ఏముందో, గోడ అవతల ఏముందో అతనికి కనబడదు. కింద సైగలిచ్చేవాడు ఒకడుంటాడు. ఎత్తమని, దించమని, తిప్పమని, ఆపమని చేత్తో చెబుతాడు. క్రేను నడిపేవాడు ఆ ఒక్క చేతినే చూడాలి. ఎంత పెద్ద అధికారి వచ్చి చెయ్యి ఊపినా కదలకూడదు. ఒక్క మినహాయింపు ఉంది. ఆగమనే సైగ మాత్రం ఎవరిచ్చినా ఆగాలి.

మా కంపెనీలో పెద్ద క్రేను నడిపేది అలీ. ఇబ్ వైపు కొండల్లోంచి వచ్చినవాడు, అంటే ఉత్తర యెమెన్. పొట్టిగా, దిట్టంగా ఉండేవాడు. మాట తక్కువ. అరబ్బీ తప్ప ఇంకో ముక్క రాదు. అతనికి సైగలిచ్చేది సలీం. అతను ఏడెన్ రేవులో ఓడల మీద సామాను దింపించి పని నేర్చినవాడు, అంటే దక్షిణ యెమెన్. పొడగరి, మాటకారి, తగాదాకోరు. ఏడెన్‌లో మనవాళ్ల దుకాణాలు ఒకప్పుడు చాలా ఉండేవట. అక్కడ నేర్చిన హిందీ నా హిందీ కంటే బాగుండేది. నన్ను "భాయ్ సాబ్" అనేవాడు. అలీ మాత్రం "యా ముహందిస్" అనేవాడు, అంటే ఇంజనీరూ అని. నాకు ఎవరి మీద మొగ్గు ఉండేదో మీరే ఊహించుకోవచ్చు.

అప్పటికి అవి రెండు దేశాలు. ఉత్తరాన షేకులు, తెగలు, పెద్దమనుషుల మాట. దక్షిణాన ఇంగ్లీషువాళ్లు పోయాక ఎర్రజెండా ఎగరేసిన ప్రభుత్వం, కోర్టులు, కార్మిక సంఘాలు. క్యాంపులో కూడా రెండు వంటగదులే. అయినా పనిలోకి వచ్చేసరికి అలీ, సలీం ఒక మనిషికున్న రెండు కళ్లలా ఉండేవాళ్లు. సలీం వేలు కదిలితే అలీ క్రేను కదిలేది. నేను డ్రాయింగు చేతిలో పట్టుకుని ఊరికే నిలబడేవాణ్ణి.

ఒక వంటగది

తొంభయ్యో సంవత్సరం మే నెలలో రెండు యెమెన్లూ ఒక్కటయ్యాయి. ఆ రోజు క్యాంపులో చూసిన సంబరం నేను మన పండగల్లోనూ చూడలేదు. రెండు వంటగదులకూ మధ్యనున్న ప్లైవుడ్ తడికెను సలీమే ఊడబెరికాడు. ఉత్తరం వాళ్లు మెంతి నురగ వేసిన సల్తా వండారు, రాతి గిన్నెలో తెచ్చిపెడితే తుకతుకమని ఉడుకుతూనే ఉంది. ఏడెన్ వాళ్లు మన బిర్యానీకి దగ్గర చుట్టం లాంటి జుర్బియాన్ వండారు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నారు. అలీ మాంసం ముక్క తుంచి సలీం నోట్లో పెట్టాడు. సలీం ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఎందుకో తెలియదు.

మా రిగ్గర్ల ఫోర్‌మన్ రాజన్న నా పక్కనే ఉన్నాడు. బరువుకి తాళ్లూ గొలుసులూ కట్టే ముఠాకి పెద్ద. జగిత్యాల దగ్గరి మనిషి.

"ఒక్కటైండ్రంట. మంచిదే సారు" అన్నాడు. "మేం గూడ ఒక్కటైనోళ్లమే గద."

"అదేంటి రాజన్నా, మనం ఎప్పుడూ ఒకటే కదా" అన్నాను.

"మీకు అట్ల అనిపిస్తది సారు" అని నవ్వి, ఇంకో ముక్క తీసుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ మాట చాలా ఏళ్లు నన్ను గీరుతూనే ఉంది. తర్వాత ఒక విషయం గమనించాను. మా సైట్లో "మనమంతా తెలుగువాళ్లం" అనే మనిషి ఎప్పుడూ ఇంజనీరే అయి ఉండేవాడు. రిగ్గర్ నోట ఆ మాట నేను వినలేదు. కలిసి ఉన్నామని పెద్దగా చెప్పుకునేవాడు సాధారణంగా ఆ కలయికలో కుర్చీ దొరికినవాడు. ఇది రాస్తే మా ఊళ్లో కొందరికి నచ్చదని తెలుసు.

లారీలు

ఆ సంబరం చల్లారకముందే ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించిన గొడవ వచ్చింది. కొత్త యెమెన్ ప్రభుత్వం ఐక్యరాజ్య సమితిలో ఇరాక్‌కి ఎదురు నిలవలేదు, అది సౌదీ వాళ్లకు నచ్చలేదు. అంతవరకు యెమెన్ వాళ్లకు ఇక్కడ కఫీల్, అంటే పూచీపడే సౌదీ మనిషి, అక్కర్లేదు. ఎవరి హామీ లేకుండా వచ్చి, దుకాణం పెట్టుకుని, పిల్లల్ని కని, సొంత ఊళ్లో ఉన్నట్టే బతికేవారు. మిగతా విదేశీయులం అందరం కఫీల్ పేరు మీదే బతికేవాళ్లం. ఇకనుంచి మీరూ వాళ్లలాగే కఫీల్‌ను వెతుక్కోండి, లేదంటే వెళ్లిపోండి అన్నారు.

వెళ్లిపోయారు. ఫ్రిజ్జులు, పరుపులు, పిల్లల సైకిళ్లు కట్టుకున్న లారీలు దక్షిణానికి బారులు తీరాయి. మేము రొట్టె కొనే బట్టీ మూతపడింది. జెద్దాలో పాత బజారు బలద్ వైపు వెళ్తే, నాకు చొక్కాలు కుట్టే దర్జీ షట్టర్‌కి తాళం వేసి ఉంది. సౌదీలో పుట్టి, యెమెన్ ముఖం ఎరగని పిల్లలు కూడా "సొంత దేశానికి" వెళ్లారు. యెమెన్ రేవు హొదైదా బయట రేకులూ గోనెలూ కట్టుకుని ఏళ్ల తరబడి ఉన్నారని తర్వాత అలీ చెప్పాడు. ఆ డేరాల్లో ఉన్నవాళ్లని ఊరివాళ్లు సౌదీవాళ్లని పిలిచేవారట. ఇక్కడ యెమెనీలు, అక్కడ సౌదీలు. ఎక్కడికి పోవాలి మనిషి?

మా యెమెన్ వాళ్లలో మిగిలింది అలీ, సలీం మాత్రమే. వాళ్లను ఆపింది మా ప్రాజెక్టు మేనేజరు ప్రసాదరావుగారు. మా పక్క జిల్లా మనిషే. యజమాని దగ్గర కూర్చుని, పోట్లాడి, ఇద్దరికీ కంపెనీ పేరు మీద కఫాలత్ ఇప్పించారు. ఆ మేలు నేను మరిచిపోలేదు. ఆయన గురించి తర్వాత కటువుగా రాయబోతున్నాను కాబట్టి ఇది ముందే చెబుతున్నాను. బరువుకి కేంద్రం ఎక్కడుందో కంటిచూపుతో పట్టడం నాకు నేర్పింది కూడా ఆయనే.

మిగిలిన ఆ ఇద్దరి మధ్య ఎడం అప్పుడు మొదలైంది. సలీం ఒక రోజు టీ తాగుతూ నాతో అన్నాడు. "భాయ్ సాబ్, ఐక్యరాజ్య సమితిలో మా పేరు చెప్పి ఎవడో చెయ్యెత్తాడు. వాడు సనా మనిషి. సామాను కట్టుకున్నది మేము." అలీకి ఆ హిందీ అర్థం కాలేదు గాని ఉత్తరం రాజధాని సనా పేరు అర్థమైంది. కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే వంటగదిలో తడికె మళ్లీ వచ్చింది. ఎవరు పెట్టారో నేను అడగలేదు.

చూడని కన్ను

నాలుగేళ్లకు ఆ దేశంలో ఉత్తరం, దక్షిణం యుద్ధానికి దిగాయి. ఒక్కటైన దేశం తన మీద తనే ఫిరంగులు పేల్చుకుంది. సలీం భార్య, చిన్న కూతురు హుదా ఏడెన్‌లో ఉన్నారు. ఊరికి నీళ్లు ఆగిపోయాయని రేడియోలో విన్నాడు. అలీ తమ్ముడు ఉత్తరం సైన్యంలో సిపాయి. జూలైలో ఏడెన్ పడిపోయింది.

ఇద్దరూ పనికి వస్తూనే ఉన్నారు. ఒకరితో ఒకరు మాట లేదు. నేను పట్టించుకోలేదు, పని సాగుతోంది కదా అనుకున్నాను. రాజన్న మాత్రం ఒక ఉదయం నా దగ్గరికి వచ్చాడు.

"సారు, ఆళ్లిద్దరు మొగం మొగం జూసుకుంటలేరు. మాట్లాడకపోతే నష్టం లేదు. సూడకుంటె ఎట్ల?"

"సైగ చూస్తున్నాడుగా అలీ?"

"సైగ జూస్తుండు. మనిషిని సూస్తలేడు. రెండు ఒక్కటి గాదు సారు."

నేను తల ఊపి ఊరుకున్నాను. ఆ వారంలోనే దెబ్బ తగిలింది.

రిఫైనరీ షట్‌డౌన్, అంటే యూనిట్లు ఆపి చేసే మరమ్మతు పని. పెద్ద వాల్వు ఒకటి పైపుల వరస మీంచి దించాలి. నేను అవతలి యూనిట్లో ఉన్నాను. వెళ్లేసరికి వాల్వు ఇనుప స్తంభాన్ని ఆనుకుని వేలాడుతోంది. సలీం నేల మీద కూర్చుని ఎడమ చెయ్యి పొట్టకి అదుముకున్నాడు. బరువు తిరిగినప్పుడు ఆ చెయ్యి స్తంభానికీ వాల్వుకీ మధ్య పడి నలిగింది. వేళ్లు విరిగాయి. అతను అరవడం లేదు. పైకి, క్యాబిన్ వైపు చూస్తూ ఒకే మాట అంటున్నాడు. "కావాలనే చేశాడు. ఏడెన్ చాల్లేదు వీడికి."

అలీ కిందకి దిగి, దూరంగా నిలబడ్డాడు. అడిగితే "నాకు తిప్పమని సైగ వచ్చింది" అన్నాడు. సలీం "నేను ఆగమన్నాను" అన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్లే కారులోనూ అదే అన్నాడు.

సాయంత్రం ప్రసాదరావుగారు నన్ను పిలిచారు.

"మూర్తీ, ఇద్దరికీ ఖురూజ్ కొట్టించేస్తున్నాను. వారం తిరిగేసరికి విమానం ఎక్కించెయ్యి. పోలీసు కేసయితే ఆ అలీగాడు జైల్లో పడతాడు, మనకీ తలనొప్పి. ఇద్దరూ ఒకే దేశం వాళ్లు. వాళ్ల గొడవ వాళ్ల దేశంలో తేల్చుకుంటారు."

ఖురూజ్ అంటే దేశం విడిచి వెళ్లిపోమనే ముద్ర. ఆ రోజుల్లో యెమెన్ వాడికి ఒకసారి అది పడితే మళ్లీ వీసా అన్నది కల్ల. సలీం వెళ్లాల్సింది పగిలిన ఏడెన్‌కి, విరిగిన చేత్తో, పని లేకుండా. అలీ వెళ్తే, హొదైదా డేరాల్లో అతని మీద ఆధారపడ్డ రెండు కుటుంబాలకి తిండి ఉండదు. "ఒకే దేశం వాళ్లు" అన్న మాట ఎంత సుఖంగా వచ్చిందో ఆయన నోట! ఆయన ఆ మాట వాళ్లను కలపడానికి అనలేదు, ఒకేసారి వదిలించుకోవడానికి అన్నారు.

"మూడు రోజులివ్వండి, ఏం జరిగిందో చెబుతాను" అన్నాను. ఆయన విసుక్కుని సరేనన్నారు.

మూడో చెయ్యి

మర్నాడు పొద్దున నేను క్రేను ఎక్కి, అలీ సీట్లో కూర్చున్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ప్రమాదం జరిగితే ముందు మనుషుల్ని అడక్కండి. వాళ్లు ఎక్కడ ఉన్నారో అక్కడ కూర్చుని చూడండి.

అక్కడినుంచి సలీం నిలబడ్డ చోటు ఎడమ పక్క చక్కగా కనబడుతోంది. అద్దం మీద మరక కూడా లేదు. సలీం అబద్ధం చెప్పే మనిషి కాదు, తగాదా పెట్టుకుంటాడు గాని అబద్ధమాడడు. అలీ కూడా ఆడడు. ఇద్దరూ నిజమే చెబుతుంటే, అక్కడ ఇంకో చెయ్యి ఉండాలి. తల కుడి వైపు తిప్పాను. గేటు పక్కన నీడపట్టున ప్రసాదరావుగారు కుర్చీ వేయించుకునే చోటు కనబడింది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. సలీం తను నిలబడాల్సిన చోటు వదిలి బరువు మీద చెయ్యి ఎందుకు వేశాడు? బరువు తిరక్కుండా తాడు పట్టుకునే పని రాజన్న ముఠాది. ఆ రోజు వాళ్లు అక్కడ లేరు. వాళ్లను ఇంకో పనికి పంపింది ఎవరో నాకు తెలుసు. తాడు లేదు కాబట్టి సలీం ఒక చేత్తో బరువుని నిలుపుతూ, ఇంకో చేత్తో ఆగమని సైగ చేశాడు.

అలీని అడిగాను. "నువ్వు చూసింది ఎవరి చెయ్యి?" అతను నేల చూశాడు. మళ్లీ అడిగాను. చేతి వాచీ విప్పాడు, తలకి చుట్టుకున్న గుడ్డ తీశాడు, రెండూ నా బల్ల మీద పెట్టాడు.

"నువ్వే హకం. నువ్వేం చెబితే అది."

నాకు అర్థం కాలేదు. హకం అంటే తీర్పరి అని తర్వాత బోధపడింది. వాళ్ల కొండల్లో తగవు వస్తే, ఇద్దరూ నమ్మే మనిషి ముందు నడుముకున్న కత్తి తీసి పెడతారు. పెట్టాక ఆ మనిషి అడిగిందానికి నిజం చెప్పాలి, తీర్పుకి కట్టుబడాలి. సైట్లో కత్తి ఉండదు కదా, వాచీ పెట్టాడు. అలీ తనంతట తాను ఒక పేరు చెప్పలేకపోతున్నాడు. తన చేత చెప్పించమని అడుగుతున్నాడు.

వాచీ

ఆసుపత్రికి వెళ్లి సలీంకి చెబితే మంచం మీంచి లేచినంత పని చేశాడు.

"మీరు ఆ వాచీ ముట్టుకుంటే నాకు అన్యాయం చేసినట్టే భాయ్ సాబ్. మా ఏడెన్‌లో దెబ్బ తగిలినవాడు కోర్టుకి వెళ్లేవాడు. ఎదుటివాణ్ణి నిలదీసేవాడు. మా అక్క ఆ కోర్టులోనే పనిచేసింది, జడ్జి కుర్చీలోనే కూర్చుంది. ఒక్కటయ్యాక ఇంటికి పొమ్మన్నారు. ఆడదానికి ఇక్కడేం పనన్నారు. ఇప్పుడు అక్కడ కూడా షేకు ముందు కత్తులు పెట్టమంటున్నారట. నా దేశం వాళ్ల దేశంలో కలిసింది, వాళ్లది నా దానిలో కలవలేదు. నా చెయ్యి విరిగితే కూడా వాళ్ల పద్ధతేనా?"

నేను ఆ రోజు ఏ పుస్తకం చదవకుండానే ఒక విషయం నేర్చుకున్నాను. రెండు దేశాలు ఒక్కటయ్యాయంటే జెండా, డబ్బు, సరిహద్దు అనుకుంటాం. మనిషికి తగిలేది అవి కాదు. తగవు వస్తే ఎక్కడికి వెళ్లాలి, ఎవరి ముందు ఎలా నిలబడాలి అన్నది మారిపోతుంది. ఏ పక్క అలవాటు చట్టమైతే ఆ పక్క వాళ్లకి అసలేమీ మారినట్టే ఉండదు. రెండో పక్క వాడికి ఇల్లు అదే, తాళం మారిపోయింది. వాడు అరిస్తే, కలవడం ఇష్టం లేని పాపిష్ఠివాడంటారు. సలీంని నేనూ అలాగే అనుకున్న రోజులున్నాయి.

"నువ్వేమీ పెట్టక్కర్లేదు. నిలదియ్యి. అందరి ముందూ నువ్వే అడుగు" అన్నాను. అలీ దగ్గరికి వెళ్లి ఇదే చెబితే అతనూ ఒప్పుకోలేదు. ఒక్క పక్కే వాచీ పెడితే అది తీర్పు కాదన్నాడు.

"ఇది మీ పద్ధతీ కాదు, వాళ్లదీ కాదు. నాది. ఇష్టం లేకపోతే వాచీ తీసుకుని పో" అన్నాను. అలీ వాచీ వంక చూశాడు. తీసుకోలేదు.

మూడో రోజు టీ వేళకి గొలుసులూ తాళ్లూ పెట్టే షెడ్డులో అందరం చెక్క దుంగల మీద కూర్చున్నాం. సలీం చేతికి కట్టుతో వచ్చాడు. రాజన్న ముఠా అంతా ఉంది. పిలవకపోయినా ప్రసాదరావుగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాచీ నా జేబులో ఉంది.

సలీం నిలబడి అడిగాడు. "నా కుడి చెయ్యి పైకి ఉంది. చూశావా?"

"లేదు."

"ఎందుకు చూడలేదు? గెలిచినవాడివి కదా, ఓడినవాడి చెయ్యి కంటికి ఆనలేదా?"

అలీ నేల చూస్తూ చెప్పాడు. "మా తమ్ముడు మీ ఊళ్లోకి వచ్చినవాళ్లలో ఉన్నాడు. నీ భార్య, నీ కూతురు ఉన్న ఊళ్లోకి. అప్పట్నించీ నీ మొహం చూడ్డానికి నాకు సిగ్గుగా ఉంది. నీ వైపు తిరగలేకపోతున్నాను."

సలీం తర్వాతి ప్రశ్న మరిచిపోయాడు. ఇన్నాళ్లూ అతను గర్వమనుకున్నది సిగ్గట. ఇక అడగాల్సింది నేనే.

"మరి ఎవరి చెయ్యి చూసి తిప్పావు అలీ?"

"నాకు ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా ఇప్పించినవాడి మీద నోరెత్తడం మా దగ్గర లేదు."

"వాచీ నా దగ్గరుంది."

అలీ తల ఎత్తకుండా "ముదీర్ చెయ్యి" అన్నాడు. ముదీర్ అంటే మేనేజరు. "గేటు దగ్గర్నుంచి తిప్పమని ఊపాడు. తిప్పాను."

వెనకనుంచి రాజన్న లేచాడు. "నేను గూడ జూసిన సారు. మమ్ముల అటు దిక్కు పంపిండ్రు, తాడు వట్టనియ్యలే. పోతు పోతు ఎన్కకు మర్రి జూసిన. పెద్దసారు చెయ్యి ఊపుతుండు. నా ఇఖామా పోతె పోనీ, అన్న మాట అన్న."

మనోడు

ప్రసాదరావుగారు నన్ను ఆఫీసులోకి తీసుకెళ్లి తలుపు వేశారు. ముఖం ఎర్రబడింది.

"త్వరగా కానివ్వరా బాబూ అని చెయ్యి ఊపానంతే. దానికి నలుగురిలో నన్ను దోషిని చేస్తావా? ఏవయ్యా, మనోడివై ఉండి నా మీదకే వస్తావా? ఆ యెమెనోళ్లు నీకేవవుతారు? ఆ రాజన్నగాడికి మనమంటే ఎప్పుడూ కడుపుమంటే!"

"క్రేను కింద మనోళ్లు ఉండరు సార్. చూసేవాడు, చూడనివాడు, అంతే."

"నీతులు చెప్పకు. వాళ్లిద్దర్నీ పంపిస్తున్నాను."

"పంపించండి. ముగ్గురికి కొట్టించండి ఖురూజ్, మూడోది నాకు. విమానం ఎక్కేముందు రిఫైనరీ సేఫ్టీ ఆఫీసులో కూర్చుని, తాడు పట్టేవాళ్లను ఎవరు పంపించారో, ఎవరు చెయ్యి ఊపారో చెప్పి మరీ ఎక్కుతాను. రాజన్న జోలికి వెళ్లినా ఇదే మాట."

నాకూ ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు, సగం కట్టిన ఇల్లు ఉన్నాయి. ధైర్యం అనుకోకండి, ఒళ్లు తెలియని కోపం. ఆయన కిటికీ వైపు తిరిగి "పో" అన్నారు. ఎవరికీ ఖురూజ్ పడలేదు. తర్వాత నాకేం జరిగింది, ఏ జాబితాలో నా పేరు కొట్టేశారు అన్నది ఇక్కడ రాయను. అది నా గొడవ.

సలీం తిరిగి పనిలోకి వచ్చాక నేను ఒక నియమం పెట్టాను. ప్రతి పెద్ద బరువుకీ ముందు క్రేను నడిపేవాడు కిందకి దిగి రావాలి. సైగలిచ్చేవాడి ఎదురుగా నిలబడి, అతని ముఖం చూసి, ఏది ఎత్తుతున్నామో, ఎటు తిప్పుతున్నామో ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని, అప్పుడే పైకెక్కాలి. రాజన్న ముఠా దానికి "పెండ్లిచూపులు" అని పేరు పెట్టింది. మొదటిరోజు అలీ దిగివచ్చి ఎదురుగా నిలబడితే సలీం మొహం తిప్పుకున్నాడు. అలీ అలాగే నిలబడ్డాడు. క్రేను ఆగింది, యూనిట్ అంతా ఆగింది, రేడియోలో అందరూ తిడుతున్నారు. నేను రేడియో కట్టేశాను. చివరికి సలీం తల తిప్పి చూశాడు.

వాళ్లు స్నేహితులైపోయారని రాస్తే మీకు హాయిగా ఉంటుంది. కాలేదు. సలీం వేళ్లు రెండు జీవితాంతం వంగలేదు. క్షమించానని అతను ఎప్పుడూ అనలేదు. వంటగదిలో తడికె తీయలేదు. కానీ తను సెలవు మీద వెళ్తే వేరేవాళ్ల సైగకి అలీని పని చెయ్యనిచ్చేవాడు కాదు, ఆ రోజులకి క్రేను నడపొద్దని నాతో పోట్లాడేవాడు. రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, నేను రిటైరయ్యేదాకా. నాకు తెలిసిన ఐక్యత అదొక్కటే.

మన రాష్ట్రం రెండైనప్పుడు రెండు పక్కల నుంచీ నాకు ఫోన్లు వచ్చాయి. ద్రోహం జరిగిందని కొందరు, విముక్తి వచ్చిందని కొందరు. నువ్వు ఎటు అని ఇద్దరూ అడిగారు. కలిపేస్తే మనుషులు కలిసిపోతారన్నవాణ్ణీ, విడగొడితే అంతా బాగుపడుతుందన్నవాణ్ణీ నేను నమ్మను. కలిసి ఉన్నప్పుడు ఎవరి ముఖం ఎవరు చూశారో చెప్పమన్నాను. ఇద్దరూ ఫోన్ పెట్టేశారు. రాజన్న ఒక్కడే చాలాసేపు మాట్లాడాడు, అందులో సగం తిట్లే.

ఏడెన్ దారి

అలీ, సలీం కూడా రిటైరై ఎవరి ఊరికి వాళ్లు వెళ్లారు. కొన్నాళ్లకే యెమెన్‌లో మళ్లీ యుద్ధం వచ్చింది. ఇది అంతకు ముందుదాని కంటే పెద్దది. ఈసారి ఏడెన్ చుట్టూ దక్షిణం వాళ్ల సాయుధులు కాపలా పెట్టుకున్నారు. ఉత్తరం వాడు కనబడితే వెనక్కి పంపేస్తున్నారు. అటువైపు వాళ్ల కోపానికి కారణాలు లేవని నేననను, సలీం దగ్గర చాలా విన్నాను.

ఈ మధ్య అలీ ఫోన్ చేశాడు. గొంతు ముసలిదైపోయింది. సలీం పోయాడని చెప్పాడు. ఆ కబురు అందగానే ఇబ్ నుంచి బయల్దేరాడట, బస్సులు మారుతూ, దారులు తిరుగుతూ. ఏడెన్ బయట చెక్‌పోస్టులో దింపేశారు. అతని కాగితాలు చూసి, యాస విని, "ఉత్తరం వాడివి, నీకిక్కడ పనేంటి? వెనక్కి పో" అన్నారు. పరామర్శకి వచ్చానంటే నవ్వారు. ఎండలో రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. అతను తన దగ్గరున్న సలీం ఇంటి నంబరుకి ఫోన్ చేశాడు, ఎవరెత్తుతారో తెలియదు.

ఎత్తింది సలీం కూతురు హుదా. ఇప్పుడు ఆమె బడిలో పంతులమ్మ. తండ్రి పోయి రెండు రోజులైన మనిషి, ఏదో టాక్సీ పిలుచుకుని ఒక్కతే చెక్‌పోస్టుకి వచ్చింది. తుపాకుల మధ్యనుంచి నడిచి వచ్చి, రోడ్డు పక్కన కూర్చున్న ముసలాయన ఎదురుగా నిలబడి, ముఖం చూసింది.

"నువ్వేనా అలీ?" అంది.

"నేనే."

కాపలావాళ్లలో పెద్దవాడు అడ్డం వచ్చాడు. "వీడు మీకేమవుతాడు? ఉత్తరం వాణ్ణి ఊళ్లోకి రానివ్వం."

హుదా అతని వైపు తిరిగి చెప్పిన మాటని అలీ నాకు ఫోన్‌లో రెండుసార్లు చెప్పాడు.

"మా నాన్న చెయ్యి విరగ్గొట్టింది ఈయనే. ఈయన మా గడప తొక్కాలో వద్దో చెప్పాల్సింది మేము. నువ్వు తప్పుకో."